నావ, నోఖదా, అడ్మిరల్

జుమా కదా, కొంచెం పెద్ద పోస్టు. వంట అయ్యాక తీరిగ్గా చదవండి.

మొన్న బకాలాలో చిల్లర ఇస్తే, మా రూముకి కొత్తగా వచ్చిన కుర్రోడు వంద ఫిల్స్ బిళ్ళ తిప్పి చూసి "బాబాయ్, ఇది ఎడారి దేశం కదా, డబ్బు మీద పడవ బొమ్మేంటి?" అన్నాడు. పందొమ్మిదేళ్ళుగా ఆ బిళ్ళలే లెక్కపెట్టుకుంటున్నాను, నాకెప్పుడూ ఆ ప్రశ్న రాలేదు. సిగ్గేసింది.

అది బూమ్ అనే ఓడ. నూనె పడక ముందు కువైట్ బతికింది దాని మీదే. బస్రా వైపు షత్ అల్ అరబ్‌లో ఖర్జూరం ఎక్కించుకుని కరాచీ, బొంబాయి, మలబారు పోయేవాళ్ళు, ఆఫ్రికా తీరానికి పోయేవాళ్ళు. మలబారు నుంచి టేకు, ఆఫ్రికా నుంచి మడచెట్ల వాసాలు తెచ్చేవాళ్ళు. పాత కువైట్ ఇళ్ళ గదులు ఎందుకు ఇరుగ్గా ఉంటాయో మన పనివాళ్ళకి చెప్పక్కర్లేదు, వాసం ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు. తాగే నీళ్ళు కూడా ఓడలోనే వచ్చేవి. 1961 దాకా ఇక్కడ నడిచింది మన రూపాయే.

ఆ ఓడ పెద్దని ఇక్కడ నోఖదా అంటారు. మేము పని చేస్తున్న విల్లా యజమాని, ముసలాయన, వాళ్ళ నాన్న నోఖదా అని చెప్పేటప్పుడు ఛాతీ విరుచుకుంటాడు. ఇది అరబ్బీ మాట అనుకున్నాను, కాదు. పారశీకం నుంచి వచ్చింది. నావ్ అంటే ఓడ, ఖుదా అంటే యజమాని. హిందీ పాటల్లో వినే ఖుదాయే. ఇక నావ్ అంటే మన నావే! సంస్కృతంలో నౌ, గ్రీకులో నౌస్, లాటిన్‌లో నావిస్. అన్నీ ఒక తల్లి పిల్లలే. ఆ లాటిన్ మాట నుంచే ఇంగ్లీషు నేవీ, ఫ్రెంచి వాళ్ళ నవీర్ వచ్చాయి. ఓడెక్కితే వచ్చే వాంతికి గ్రీకులు పెట్టిన పేరే డాక్టర్లు అనే నాజియా. వైజాగ్‌లో నేవీ అన్నా నౌకాదళం అన్నా మొదటి అక్షరం ఒక్కచోట నుంచి వచ్చిందే. ఓడ, పడవ మాత్రం మన సొంతం.

ఇక అరబ్బులు యూరప్‌కి ఇచ్చిన మాటలు చూడండి. అమీర్ అంటే ఆజ్ఞ ఇచ్చేవాడు. ఇక్కడ రోజూ వినే మాటే. సిసిలీ దీవిని అరబ్బులు రెండు వందల ఏళ్ళ దాకా ఏలారు, తర్వాత నార్మన్లు గెలిచారు. గెలిచినా పాత కొలువుల పేర్లు మార్చలేదు. రోజర్ అనే రాజు దగ్గర అంతియొక్ జార్జి అనే క్రైస్తవుడు ఓడల దండుకి పెద్ద. అతని బిరుదు కూడా అమీరే. 1143లో పలెర్మోలో అతను కట్టించిన చర్చిని ఇప్పటికీ అమ్మిరాల్యో చర్చి అంటారు. అక్కడ నుంచి ఆ మాట ఓడ పెద్దకే అతుక్కుపోయింది. ఫ్రెంచిలో అమిరాల్, స్పానిష్‌లో అల్మిరాంతె, 1492లో కొలంబస్‌కి దక్కిన బిరుదు అదే. ఇంగ్లీషువాళ్ళు మధ్యలో ఒక "డ" దూర్చి అడ్మిరల్ చేశారు, మెచ్చుకోవడం అనే లాటిన్ మాటతో కలిపేసుకుని. అరబ్బులు ఇచ్చి ఊరుకోలేదు, పుచ్చుకున్నారు కూడా. ఓడల దండుకి వాళ్ళనే ఉస్తూల్ గ్రీకు స్తోలోస్ నుంచి వచ్చింది.

ఇంకోటి. మనం బండి బాగు చేయించడానికి షువైఖ్ సనాయ్యాకి పోతాం కదా. దార్ అస్సినాఅ అంటే తయారు చేసే ఇల్లు, ఓడలు కట్టే చోటు. అది వెనిస్ చేరి ఆర్సెనాలె అయ్యింది, లండన్ చేరి ఆర్సెనల్ అయ్యింది. మా రూములో ఫుట్‌బాల్ పిచ్చోళ్ళకి ఇది చెప్తే నమ్మలేదు.

మన వైపు కూడా నాణెం మీద ఓడ వేసిన రాజులు ఉన్నారు. శాతవాహనులు, రెండు తెరచాప కొయ్యలతో. మాది తాళ్ళరేవు దగ్గర, పక్కనే కోరంగి. మా పెద్దవాళ్ళు ఆ రేవులో ఓడెక్కి రంగం పోయేవాళ్ళు. బర్మాలో తెలుగువాడు ఎవడైనా సరే వాడి పేరు కోరంగీ. ఊరి పేరే జాతి పేరైంది. అది గౌరవంగా పిలిచిన పిలుపు కాదులెండి.

ఇవన్నీ ఓడ మీద నిలబడి ఆజ్ఞ ఇచ్చినవాళ్ళ మాటలు. కింద తాడు లాగినవాడి సంగతి ముసలాయన్ని అడిగితే కాసేపు మాట్లాడలేదు. ముత్యాల కోసం ఎండాకాలం నాలుగు నెలలు నీళ్ళలో మునిగేవాళ్ళు నోఖదా దగ్గర ముందే అడ్వాన్సు తీసుకునేవాళ్ళు. ముత్యం దొరక్కపోతే అప్పు వచ్చే ఏటికి పోయేది. మనిషి చచ్చిపోతే కొడుకు మీదకి వచ్చేది. గల్ఫ్ అంతా ఇదే పద్ధతి. జపాన్ వాళ్ళు ముత్యాలు పెంచడం మొదలెట్టాక ఆ వ్యాపారం కూలిపోయింది. 1938లో బుర్గాన్‌లో నూనె పడింది, 1946లో మొదటి ఓడ నూనెతో బయల్దేరింది.

నేను వచ్చేటప్పుడు నాన్న పొలం కాగితాలు పెట్టి అప్పు తెచ్చాడు. ఆయన పోయిన పన్నెండో రోజు అయ్యీ అవకముందే వడ్డీవాడు వచ్చి నోటు నా పేరున తిరగరాయించుకున్నాడు. ముసలాయనకి ఆ సంగతి నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. "మా తాత కూడా అంతే, ఆయన మునిగేవాడు, నోఖదా కాదు" అన్నాడు. అంతకు ముందు ఎప్పుడూ అనలేదు ఆ మాట.

1938లో కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే బూమ్ సాల్మియాలో సైంటిఫిక్ సెంటర్ దగ్గర నిలబెట్టి ఉంది. వచ్చే జుమా మా కుర్రోణ్ణి తీసుకెళ్తున్నాను. ఫహాహీల్ వైపు నుంచి ఎవరైనా వస్తానంటే ఇన్‌బాక్స్‌లో చెప్పండి, బండిలో ఇద్దరికి చోటుంది.