గోళ్ల రంగు పూసుకున్న ప్రాసెసర్

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. కంప్యూటర్ ప్రాసెసర్ సంగతీ అంతే. మదర్‌బోర్డు తనంతట తానుగా దానికి వోల్టులు వడ్డించదు. స్విచ్ వేయగానే ముందు ప్రాసెసర్ తనకెంత కావాలో చెబుతుంది, బోర్డు అంతే పెడుతుంది. చెప్పడమంటే, ఆ రోజుల్లో మాటలూ సంకేతాలూ ఏమీ ఉండేవి కావు. 1998 నాటి ఇంటెల్ సెలెరాన్‌కు ఈ పనికోసమే ఐదు పిన్నులుండేవి. వాటిలో ఏవి గ్రౌండ్‌కు కలిశాయి, ఏవి కలవలేదు అన్నదే దాని భాష. ఆ ఐదింట్లో ఫలానా మూడింటిమీద ఆడవాళ్లు గోళ్లకు వేసుకునే రంగు పూస్తే, 2 వోల్టులు అడగాల్సిన చిప్ 2.2 అడుగుతుంది!

ఇది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కోట్ల డాలర్ల ఫ్యాక్టరీలో పుట్టిన వస్తువు నోరు మూయించడానికి పది రూపాయల నెయిల్ పాలిష్ చాలా? అసలు ఈ అడగడం ఎప్పుడు మొదలైందా అని వెనక్కి తవ్వుకుంటూ పోయాను.

మొదట్లో అడిగే పనే లేదు. 1978లో వచ్చిన 8086 నుంచి 1993 నాటి తొలి పెంటియం దాకా దాదాపు అందరిదీ ఒకే పంక్తి, ఒకే వడ్డన: 5 వోల్టులు. ఆ రోజుల్లో వేగం పెంచాలనుకున్న ఇంటి మెకానిక్కులు వోల్టేజీ జోలికి పోలేదు, గడియారాన్ని మార్చారు. 1984లో ఐబీఎం అమ్మిన పీసీ ఏటీ 6 మెగాహెర్ట్జ్‌తో నడిచేది. దాని వేగాన్ని నిర్ణయించేది 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, అదీ సాకెట్‌లో గుచ్చి ఉండేది. జనం దాన్ని పీకి 16 మెగాహెర్ట్జ్‌ది పెట్టారు. మిషను 8 మెగాహెర్ట్జ్‌తో పరుగెత్తింది. ఐబీఎంకు ఇది నచ్చలేదు. మిషను లేవగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్ బయోస్. తర్వాతి బయోస్‌లో, వేగం హద్దు దాటితే మిషను లేవకుండా కాపలా పెట్టింది. కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య దాగుడుమూతలు అక్కడే మొదలయ్యాయనుకోవచ్చు.

తర్వాత చిప్‌లోని ట్రాన్సిస్టర్లు చిన్నబడ్డాయి, చిన్న ట్రాన్సిస్టర్లు 5 వోల్టులు తట్టుకోలేవు. 1994లో పెంటియం 3.3కు దిగింది. 1997లో ఎంఎంఎక్స్ వచ్చేసరికి చిప్ లోపలికి 2.8, బయటి పనులకు 3.3 అని రెండు వేరు వడ్డనలు. బోర్డుమీది బుల్లి ప్లాస్టిక్ జంపర్లను మాన్యువల్ చూస్తూ సరిగ్గా గుచ్చాలి, తప్పితే చిప్‌కు నూకలు చెల్లినట్టే. ఈ గొడవ లేకుండా, అంతకుముందే 1995లో పెంటియం ప్రోకు నాలుగు పిన్నులిచ్చి, నీకేం కావాలో నువ్వే చెప్పుకోమన్నారు. పెంటియం టూకు వచ్చేసరికి ఆ పిన్నులు ఐదయ్యాయి.

ఇక 1998. ఈ ఒక్క ఏడాది గురించి కాస్త ఎక్కువే చెబుతాను, పాఠకులు ఓపిక పట్టాలి. ఆ ఆగస్టు 24న ఇంటెల్ విడుదల చేసిన చిప్‌లలో రెండింటి సంగతి చూడండి. పెద్దింటి బిడ్డ పెంటియం టూ 450, ధర 669 డాలర్లు. పేదింటి బిడ్డ సెలెరాన్ 300ఏ, ధర 149 డాలర్లు. పేద బిడ్డకున్న కాష్ మెమరీ 128 కేబీయే అయినా అది చిప్‌తో సమానవేగంతో నడిచేది. పెద్ద బిడ్డకు 512 కేబీ ఉన్నా అది సగం వేగంతో నడిచేది. చిప్‌ను బోర్డుతో కలిపే దారిని బస్సు అంటారు. సెలెరాన్ 66 మెగాహెర్ట్జ్ బస్సుమీద నాలుగున్నర రెట్లు తిరిగి 300 అయ్యేది. ఆ బస్సును 100 చేస్తే? 450! నూట యాభై డాలర్ల సరుకు దాదాపు ఆరువందల డెబ్భై డాలర్ల సరుకుతో భుజం భుజం కలిపి నిలబడింది.

అన్ని చిప్‌లూ మామూలు వోల్టేజీతో 450 అందుకునేవి కావు. బండిని గట్టుమీదికి లాగాలంటే ఎద్దుకు మేత పెంచాలి. వోల్టేజీ పెరిగితే ట్రాన్సిస్టర్లు చురుగ్గా తెరుచుకుని మూసుకుంటాయి, గడియారం తరువాతి దెబ్బ పడేలోపు లెక్క పూర్తవుతుంది. మూల్యం వేడి రూపంలో కట్టాలి. వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 వోల్టులను 2.2 చేస్తే పెరిగింది పదిశాతమే, వేడి మాత్రం 21 శాతం. దానికి ఒకటిన్నర రెట్ల వేగం కూడా కలిపితే మొత్తం ఎనభైశాతం పైచిలుకు.

ఇప్పుడు ఆ ఐదు పిన్నుల దగ్గరికొద్దాం. అప్పటి ప్రాసెసర్ కార్డులా నిలువుగా గుచ్చేది కాబట్టి, పిన్నులంటే దాని అంచున బంగారు పూతతో మెరిసే సన్నని పట్టీలే. గ్రౌండ్‌కు కలిసింది సున్నా, కలవనిది ఒకటి. రెండు వోల్టులు కావాలంటే సెలెరాన్ 00001 అనేది. పైన మూడు సున్నాలను రంగుతో కప్పితే అది 11101 అవుతుంది, అంటే 2.2. మరి 2.1 ఎందుకు కాదు? దాని అంకె 11110. చివరి ఒకటిని సున్నా చేయాలి. రంగు పూసి గ్రౌండ్‌ను తెంచగలం గానీ కలపలేం. అందుకే రంగు పూసిన కుర్రాళ్లు 2 నుంచి నేరుగా 2.2కు దూకారు. ఇంకో చమత్కారం: మొదటి పిన్ను ఒక్కదాన్నే కప్పి ఊరుకుంటే 10001, అంటే లెక్క ప్రకారం 3.4 వోల్టులు. చిప్‌కు అది విషం. ఐదూ కప్పితే 11111. దానర్థం, 'ఇక్కడ ప్రాసెసరే లేదు'. బోర్డు అసలేమీ పెట్టదు. అడగనివాడు లేనివాడితో సమానమన్నమాట!

తైవాన్ కంపెనీ ఏబిట్ చేసిన బీహెచ్6 బోర్డు ఉన్నవాడికి ఈ రంగుల గొడవే లేదు, బయోస్‌లో వోల్టేజీ ఎంచుకుంటే సరిపోయేది. నాది ఆ బోర్డు కాదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ముక్కముక్కగా కొని కూర్చిన కంప్యూటర్. దుకాణం కుర్రాడు "అన్నా, నువ్వు చేసేదేందో నాకు చెప్పకు, పాడైతే నా దగ్గరికి రాకు" అని నవ్వాడు. ఇంట్లో మా చెల్లి మెరూన్ రంగు సీసా కాజేసి అగ్గిపుల్లతో మూడు పట్టీలు పూశాను. బస్సు వేగం పెంచడానికి నాలుగోది కూడా, బీ21 అనే పట్టీ. జనవరిలో 450తో అందంగా నడిచింది. మే నెల వచ్చింది. డాబా మీది గది, మిట్టమధ్యాహ్నం ఎండ. ఐదు నిమిషాలకోసారి తెర గడ్డకట్టేది. క్యాబినెట్ మూత తీసి టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాను. ఫ్యాన్ నాకా, కంప్యూటర్‌కా అని అమ్మ అడిగింది. చివరికి రిమూవర్‌తో రంగు తుడిచేసి వేసవంతా 300తోనే కాలం గడిపాను. చేసినదాన్ని వెనక్కి తిప్పుకునే ఆ సుఖం ఇంక ఏ మార్పులోనూ లేదు. దూదితో తుడిస్తే నిన్నటి చిప్ మళ్లీ చేతికొచ్చేది.

నెయిల్ పాలిష్ నోరు మూయించగలదు. మాట్లాడించగలిగింది పెన్సిల్! 2000 జూన్‌లో వచ్చిన ఏఎండీ అథ్లాన్ థండర్‌బర్డ్, డ్యూరాన్ చిప్‌ల నెత్తిమీద ఎల్1, ఎల్7 అని పేర్లు రాసి చిన్నచిన్న వంతెనలు కంటికి కనిపిస్తూ ఉండేవి. ఫ్యాక్టరీలో కోసిన ఎల్1 వంతెనలమీద పెన్సిల్‌తో గీస్తే గ్రాఫైట్ కరెంటును దాటించేది, బస్సు వేగానికి ఎన్ని రెట్లు తిరగాలో చెప్పే గుణకం తాళం ఊడిపోయేది. ఎల్7లో ఉన్నది వోల్టేజీ మాట. అక్కడి వంతెనలన్నీ కలిపితే చిప్ 1.85 అడిగేది. మరుసటి ఏడాది అథ్లాన్ ఎక్స్‌పీలో వంతెనల మధ్య లేజర్‌తో గుంటలు తవ్వారు. జనం గుంటలను సూపర్‌గ్లూతో పూడ్చి, కారు వెనక అద్దం తీగలకు వేసే వెండి రంగు పైన పూశారు. దొంగా పోలీసాటలో అంత ముచ్చటైన ఘట్టం నేను మళ్లీ చూడలేదు.

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తాను. 2002 నాటి పెంటియం 4 నార్త్‌వుడ్‌కు సాకెట్ రంధ్రాల్లో తీగముక్కలు దూర్చి వోల్టేజీ పెంచారు. 1.5తో నడవాల్సినదానికి 1.7 దాటి పెట్టినవాళ్ల చిప్‌లు, నిన్నటిదాకా బాగానే ఉండి, ఒక పొద్దున చడీచప్పుడు లేకుండా పోయేవి. దానికి 'సడన్ నార్త్‌వుడ్ డెత్ సిండ్రోమ్' అని రోగం పేరే పెట్టారు. 2008 చివరికి ఏబిట్ దుకాణం కట్టేసింది. 2011లో శాండీ బ్రిడ్జ్ చిప్‌లు వచ్చాక ఇంటెల్, ఎక్కువగా పేరు చివర కే అక్షరమున్న చిప్‌లకే స్వేచ్ఛ మిగిల్చింది. పేదింటి బిడ్డ పెద్దింటి బిడ్డతో పరుగు పందెం వేయడం అక్కడితో దాదాపు ముగిసింది. ఒకప్పుడు తెలివికి దొరికినది ఇప్పుడు ధర కడితేనే దొరుకుతుంది.

వోల్టేజీ అడగడం కూడా పిన్నుల నుంచి సాఫ్ట్‌వేర్‌లోకి పోయింది, కంటికి కనబడదు. 2019 డిసెంబరులో 'ప్లండర్‌వోల్ట్' పేరుతో పరిశోధకులు ఆ దారినే వోల్టేజీని తగ్గించి, చిప్ చేత తప్పు లెక్కలు వేయించి, దాచిన తాళంచెవులను రాబట్టి చూపించారు. ఇంటెల్ ఆ తలుపు మూసింది. ల్యాప్‌టాప్ చల్లబడాలని నాలుగు మిల్లీవోల్టులు తగ్గించుకునే అమాయకులూ బయటే ఉండిపోయారు.

అసలు ముగింపు 2024లో జరిగింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు ఎవరూ ముట్టుకోకుండానే చెడిపోసాగాయి. వాటి లోపలి ప్రోగ్రామైన మైక్రోకోడ్ తప్పుగా, ఉండాల్సినదానికన్నా ఎక్కువ వోల్టేజీ అడుగుతోందని కంపెనీయే ఒప్పుకుంది. ఆగస్టులో ఇచ్చిన అప్‌డేట్‌తో 1.55 వోల్టులకు మించి అడగకుండా కట్టడి చేసింది, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. మనం రంగు పూసి అడిగించినప్పుడు ఎంత అడుగుతోందో మనకు తెలిసేది, తుడిచేసే వీలుండేది. అటకమీద పాత కార్డు ప్రాసెసరేదైనా ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు దాని అంచు ఒకసారి చూడండి. బంగారు పట్టీలమీద మెరూన్ మరక కనిపిస్తే మాత్రం అమ్మకండి.