ఇన్‌స్టాలేషన్ ఎవరి పేరు మీద నడిచింది?

ఆఫీసు నెట్‌వర్క్‌లో రెండు వందల కంప్యూటర్లకు ఒకే సాఫ్ట్‌వేర్‌ను సర్వర్ నుంచి పంపిస్తే నూట తొంభైలో చక్కగా ఎక్కుతుంది, పదింటిలో ఎక్కదు. ప్యాకేజీ అదే, సర్వర్ అదే, విండోస్ కూడా అదే. మరి ఆ పదింటికి ఏమైంది? డెస్క్‌టాప్ సపోర్ట్‌లో పనిచేసేవారికి సగం రోజు ఈ ప్రశ్నతోనే గడుస్తుంది. నలభై ఏళ్లలో సాఫ్ట్‌వేర్ పంపిణీ పద్ధతులు ఎన్నో మారాయి. మారిన ప్రతిసారీ లోపం దాక్కునే చోటు కూడా మారింది. దాన్ని వెతకడానికి బయల్దేరినవారు అన్నిటికన్నా ముందు అడగాల్సింది ఒకటుందని నా నమ్మకం: ఆ ఇన్‌స్టాలేషన్ ఎవరి పేరు మీద నడిచింది?

ఫ్లాపీల కాలంలో ఆ ప్రశ్నకు చోటే లేదు. విండోస్ 95 ఫ్లాపీ ప్యాక్‌లో 13 డిస్కులు వచ్చేవి. టెక్నీషియన్ ఒక్కో బల్ల దగ్గర కూర్చుని వాటిని వరసగా మార్చేవాడు. మధ్యలో ఒక డిస్కు చెడిపోయి ఉంటే ఆ సంగతి అక్కడికక్కడే తెర మీద కనిపించేది. పని నెమ్మదిగా సాగేది, తప్పు మాత్రం కళ్లెదుటే ఉండేది.

నోవెల్ నెట్‌వేర్ వంటి నెట్‌వర్కులున్న ఆఫీసుల్లో లాగిన్ స్క్రిప్టులు నడిచేవి. పొద్దున్నే ఉద్యోగి పాస్‌వర్డ్ కొట్టగానే సర్వర్‌లోని స్క్రిప్టు నడిచి కొత్త ఫైళ్లను అతని కంప్యూటర్‌లోకి కాపీ చేసేది. డాస్, విండోస్ 95లలో ఎవరైనా ఏ ఫోల్డర్‌లోనైనా రాసుకోవచ్చు కాబట్టి బండి నడిచింది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఫైళ్లకూ ఫోల్డర్లకూ హక్కులు పెట్టింది. అడ్మినిస్ట్రేటర్లు ఆ హక్కులను బిగించిన చోట, ఉద్యోగి పేరు మీద నడిచే స్క్రిప్టు విండోస్ ఫోల్డర్ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. అడ్మిన్ హక్కులున్న మేనేజర్ మెషీన్‌లో ఎక్కిన ప్రోగ్రామ్ పక్క గదిలోని గుమస్తా మెషీన్‌లో ఎక్కేది కాదు. 1994లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన సిస్టమ్స్ మేనేజ్‌మెంట్ సర్వర్ ఈ పనికి వేరే దారి వేసింది. తర్వాత ఎస్‌సీసీఎంగా పేరు మార్చుకుని, అమీర్‌పేట శిక్షణ కేంద్రాల్లో నేటికీ పాఠమై నడుస్తున్నది దాని వారసురాలే.

అదే దశకంలో వచ్చిన ఇంకో పద్ధతి డిస్క్ క్లోనింగ్. ఒక్క మెషీన్‌ను శుభ్రంగా తయారుచేసి, దాని డిస్కును ఉన్నదున్నట్టుగా మిగతావాటిలోకి దించేయడం. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో మర్రే హజార్డ్ రాసిన ఘోస్ట్ ఈ పనికి మారుపేరైంది. 1998లో సిమాంటెక్ దాన్ని కొనేసింది. చిక్కల్లా ఏమిటంటే, ప్రతి విండోస్ మెషీన్‌కూ ఇన్‌స్టాల్ సమయంలో పుట్టే సిడ్ అనే గుర్తింపు సంఖ్య కూడా డిస్కుతోపాటు కాపీ అయ్యేది. దాన్ని చెరిపి కొత్తది పుట్టించడానికి మైక్రోసాఫ్ట్ సిస్‌ప్రెప్ ఇచ్చింది. మార్క్ రస్సినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ కలిసి న్యూసిడ్ అనే చిన్న ఉపకరణం రాశారు. ఏళ్ల తరబడి అడ్మిన్‌లు ఇమేజ్ దించడం, న్యూసిడ్ నడపడం ఒక ఆచారంగా పాటించారు. 2009 నవంబర్‌లో రస్సినోవిచే స్వయంగా, రెండు మెషీన్లకు ఒకే సిడ్ ఉన్నంత మాత్రాన నష్టమేమీ కనబడటం లేదని వివరంగా రాసి న్యూసిడ్‌ను ఉపసంహరించారు. సిస్‌ప్రెప్ లేని క్లోన్లకు తమ మద్దతు ఉండదన్న మైక్రోసాఫ్ట్ నిబంధన మాత్రం అలాగే ఉండిపోయింది. దాన్ని చాలామంది పట్టించుకోలేదు. 2025లో వచ్చిన విండోస్ అప్‌డేట్లు సిడ్‌లను గట్టిగా సరిచూడటం మొదలుపెట్టేసరికి, సిస్‌ప్రెప్ చేయకుండా క్లోన్ చేసిన మెషీన్లు ఒకదాన్నొకటి గుర్తించడం మానేశాయి. షేర్ ఫోల్డర్లు తెరుచుకోలేదు, రిమోట్ డెస్క్‌టాప్ కలవలేదు. పదహారేళ్ల కింద కొట్టిపారేసిన అనుమానం మళ్లీ బతికొచ్చింది. ఈ రంగంలో ఇంతకన్నా పాఠం చెప్పే ఉదంతం నాకు తెలియదు. ఒకప్పుడు హాని లేదని తేలిన తేడా ఎప్పటికీ అలాగే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

డిస్కులో ఏమీ లేని కొత్త మెషీన్ నెట్‌వర్క్ నుంచే బూట్ అయ్యే పీఎక్స్‌ఈ పద్ధతికి 1999లో ఇంటెల్ 2.1 ప్రమాణం స్థిరపడింది. ఇక్కడ లోపం మెషీన్‌లోంచి గోడలోని కేబుల్లోకి, ఆ కేబుల్ చివరనున్న స్విచ్‌లోకి మారింది. మెషీన్ ఆన్ కాగానే డీహెచ్‌సీపీని చిరునామా అడుగుతుంది. పాత తరహా స్పానింగ్ ట్రీ నడిచే స్విచ్, కొత్తగా మేల్కొన్న పోర్టును పదిహేను సెకన్లు వినడానికీ మరో పదిహేను నేర్చుకోవడానికీ ఆపి ఉంచుతుంది. అంతసేపు ఓపిక పట్టని నెట్‌వర్క్ కార్డు, జవాబు రాలేదని ఈ51 ఎర్రర్ చూపించి ఊరుకుంటుంది. డీహెచ్‌సీపీ సర్వర్ లాగ్‌లో చూస్తే ఆ మెషీన్ అడిగినట్టే ఉండదు. మధ్యలో చవకరకం హబ్ ఒకటి తగిలిస్తే అదే మెషీన్ బూట్ అయిపోయేది. ఎందుకంటే హబ్‌కూ స్విచ్‌కూ మధ్య లింకు ముందునుంచే లేచి ఉంటుంది. అసలు మందు స్విచ్‌లో ఆ పోర్టుకు పోర్ట్‌ఫాస్ట్ పెట్టడం. పీసీ వాళ్లూ నెట్‌వర్క్ వాళ్లూ వేర్వేరు విభాగాలుగా ఉన్న ఆఫీసుల్లో ఈ ఒక్క వరుస కోసం వారాలు గడిచిపోతాయి.

మన ప్రశ్న అసలు బలం తెలిసింది మాత్రం విండోస్ ఇన్‌స్టాలర్‌తోనే. 1999లో ఆఫీస్ 2000తో అది బయటికి వచ్చింది. ఆ మరుసటి ఏడు విండోస్ 2000, యాక్టివ్ డైరెక్టరీ, వాటితో గ్రూప్ పాలసీ వచ్చాయి. ఆ ఇన్‌స్టాలర్ వాడే ఎంఎస్‌ఐ ప్యాకేజీని ఒక షేర్‌లో పెట్టి, పాలసీలో దాని దారి రాస్తే చాలు. మెషీన్ లేచేటప్పుడు ఎవరూ లాగిన్ కాకముందే సాఫ్ట్‌వేర్ ఎక్కేస్తుంది. అడ్మిన్ తన బల్ల దగ్గర కూర్చుని ప్యాకేజీ మీద రెండుసార్లు క్లిక్ చేస్తే బాగానే ఎక్కుతుంది. పాలసీ ద్వారా పంపితే మాత్రం ఈవెంట్ లాగ్‌లో 1612 అని పడుతుంది, అంటే ఇన్‌స్టాల్ చేయాల్సిన ఫైలు దొరకలేదని. ఫైలు ఉంది, దారి సరైనదే, సర్వర్ పనిచేస్తోంది. అయితే ఆ వేళ తలుపు తట్టింది అడ్మిన్ గారు కాదు, ఆ కంప్యూటరే. డొమైన్‌లో ప్రతి కంప్యూటర్‌కూ పేరు చివర డాలర్ గుర్తుతో సొంత ఖాతా ఉంటుంది. షేర్ అనుమతుల్లో మనుషుల గ్రూపులే ఉండి కంప్యూటర్ల గ్రూపు లేకపోతే తలుపు తెరుచుకోదు. దారిని మ్యాప్ చేసిన డ్రైవ్ అక్షరంతో రాసినా అంతే. ఆ డ్రైవ్ లాగిన్ అయిన మనిషిది, కంప్యూటర్‌కు అదేమిటో తెలియదు.

అందరినీ విసిగించే 1603 కథ కూడా ఇక్కడికే వస్తుంది. 'తీవ్రమైన లోపం' అన్న మాట తప్ప అది ఏమీ చెప్పదు. మైక్రోసాఫ్ట్ చెప్పిన కారణాల్లో రెండు చూడండి: మెషీన్ తనంతట తాను పనిచేసేటప్పుడు వాడే సిస్టమ్ అకౌంట్‌కు ఇన్‌స్టాల్ చేసే ఫోల్డర్ మీద పూర్తి హక్కు లేకపోవడం, ఆ ఫోల్డర్ ఎన్‌క్రిప్ట్ అయి ఉండటం. రెండూ పేరు గొడవలే. ఇన్‌స్టాలర్‌ను పూర్తి లాగ్‌తో నడిపి, వేల వరుసల ఆ ఫైల్లో 'రిటర్న్ వాల్యూ 3' అని వెతికి, దానికి పైనున్న కొన్ని వరుసలు చదివితే సాధారణంగా అసలు కారణం దొరుకుతుంది. అక్కడా దొరక్కపోతే పీఎస్‌ఎగ్జిక్ అనే ఉపకరణంతో సిస్టమ్ అకౌంట్ పేరు మీద ఒక కమాండ్ విండో తెరిచి, ఆ పేరుతోనే ఇన్‌స్టాల్ చేసి చూడాలి. ఈ రెండు పద్ధతులు తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య తేడా చాలా పెద్దది. తెలియనివారు మెషీన్‌కు ఫార్మాట్ కొడతారు.

పేరు తర్వాత చూడాల్సింది వేళ. 2001లో విండోస్ ఎక్స్‌పీ త్వరగా తెరుచుకోవడం కోసం నెట్‌వర్క్ సిద్ధమయ్యేదాకా ఆగకుండా లాగిన్ తెర చూపించడం మొదలుపెట్టింది. వాడేవారికి అది హాయి. పాలసీతో వచ్చే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం రెండుసార్లు రీస్టార్ట్ చేస్తే తప్ప దారి దొరకదు. 'ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి' అన్న మాటను జనం సాకుగా తీసుకుంటారు గానీ, ఈ విషయంలో దాని వెనక నిజమైన కారణం ఉంది. నెట్‌వర్క్ కోసం ఆగమని చెప్పే పాలసీ ఒకటి ఆన్ చేస్తే ఆ ఇబ్బంది పోతుంది.

విండోస్ విస్టా తెచ్చిన మార్పు ఇంకా సూక్ష్మమైనది. భద్రత కోసం సర్వీసులన్నిటినీ సెషన్ సున్నాలోకి వేరు చేసింది. సరిగ్గా తయారుచేయని ఇన్‌స్టాలర్ ఒకటి నిశ్శబ్దంగా నడవమన్నా వినకుండా 'ఓకే నొక్కండి' అని డబ్బా పెడితే, ఆ డబ్బా మనుషులెవరూ చూడని ఆ సెషన్‌లో తెరుచుకుంటుంది. నొక్కేవారు లేరు. ఇన్‌స్టాలేషన్ గంటల తరబడి నడుస్తున్నట్టే ఉంటుంది. అది ఎంఎస్‌ఐ అయితే, దాని వెనక వచ్చే ప్రతి ఎంఎస్‌ఐ ప్యాకేజీ 'మరొకటి నడుస్తోంది' అనే 1618తో వెనక్కి పోతుంది.

ఒక్క చోటి నుంచే అన్ని మెషీన్లనూ మార్చగల ఇంతటి అధికారం గురి తప్పితే ఏమవుతుందో 2014 మే 14న అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో తెలిసింది. విండోస్ 7 ఇమేజ్ పంపే ఆదేశం పొరపాటున అన్ని విండోస్ మెషీన్లకూ వెళ్లింది. అందులో మొదటి మెట్టే డిస్కును ఫార్మాట్ చేయడం. ల్యాప్‌టాప్‌లు, సర్వర్లు, చివరికి ఆదేశం పంపిన ఎస్‌సీసీఎం సర్వర్ కూడా తుడిచిపెట్టుకుపోయాయి.

2024 జులై 19 శుక్రవారం మన గడియారంలో పొద్దున్న 9.39కి భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక ఫైలు దాన్ని మించిపోయింది. మెషీన్లలో నడిచే దాని సెన్సర్ కోడ్ 20 విలువలు అందిస్తుంటే ఆ ఫైలు ఇరవై ఒకటోదాని కోసం వెతికింది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నా అప్పటికే దాదాపు 85 లక్షల మెషీన్లు నీలి తెర దగ్గర ఆగిపోయాయి. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు దేశమంతా తిరిగింది. చాలా సంస్థలు ఆ సెన్సర్ కొత్త వెర్షన్‌ను వెంటనే తీసుకోకుండా ఒక మెట్టు వెనకే ఉండేలా జాగ్రత్త పడ్డాయి. ఆ జాగ్రత్త ఈ రకం ఫైళ్లకు వర్తించలేదు. అడ్మిన్ ఆమోదం లేకుండా, కంపెనీ పేరు మీద నేరుగా వచ్చిన ఫైలు అది. డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయిన మెషీన్లలో దాన్ని తీసేయాలంటే ఒక్కోదానికీ వేర్వేరుగా ఉండే 48 అంకెల రికవరీ కీ కొట్టాల్సి వచ్చింది.

ఇప్పుడు పంపిణీ మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్ వంటి క్లౌడ్ సేవల చేతికి వచ్చింది. వాటి సొంత చిక్కులు వాటికున్నాయి. ఇన్‌స్టాలర్ విజయవంతంగా ముగిసినా, అది నిజంగా ఎక్కిందో లేదో చూసే డిటెక్షన్ రూల్ తప్పుచోట వెతికితే కన్సోల్ విఫలమైందనే చెబుతుంది. 32 బిట్ ప్రోగ్రామ్ తన గుర్తును రిజిస్ట్రీలో ఒక చోట రాస్తే, రూల్ 64 బిట్ వైపు వెతకడం ఇందుకు తరచుగా ఎదురయ్యే కారణం. ఇంకో రకం కేసులో కన్సోల్ అంతా పచ్చగా ఉంటుంది, ఉద్యోగి మాత్రం యాప్ లేదని ఫోన్ చేస్తాడు. వాడేవారి సొంత ప్రొఫైల్‌లోకి ఎక్కే యాప్ అది. అప్‌లోడ్ చేసేటప్పుడు 'ఇన్‌స్టాల్ బిహేవియర్' గడిలో యూజర్ బదులు సిస్టమ్ అని ఎంచుకుని ఉంటారు. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్ ఫోల్డర్ల లోపలున్న సిస్టమ్‌ప్రొఫైల్‌లోకి వెళ్లి చూస్తే ఆ యాప్ ఫైళ్లన్నీ అక్కడే ఉంటాయి.