ఓటు నెగ్గింది, ఓటరు ఓడాడు

1876లో అమెరికా అధ్యక్షపదవికి జరిగిన ఎన్నికను మన చరిత్ర పుస్తకాలు ఒక బేరం కథగా చెప్పి ముగిస్తాయి. హేస్, టిల్డెన్ అనే ఇద్దరు అభ్యర్థులు, వాషింగ్టన్‌లో కొందరు పెద్దమనుషులు, చివరికి 185కు 184గా తేలిన లెక్క. ఆ లెక్కను దక్షిణ కరొలినా రాష్ట్రం నుంచి చూడాలని నా ఉద్దేశం. అక్కడి 7 ఎలెక్టర్ల ఓట్లు లేకపోతే హేస్ అధ్యక్షుడే కాడు.

ఆ రాష్ట్ర జనాభాలో ఐదుగురికి సుమారు ముగ్గురు నల్లజాతివారు. 1860 దాకా అక్కడ ఎలెక్టర్లను శాసనసభే నియమించేది. అధ్యక్షుని ఎన్నికలో తెల్ల పేదవానికి కూడా ఓటు లేదు. బానిసత్వం కూలిన తర్వాత, 1868లో, నిన్నటి బానిస ఓటు వేశాడు. మరి భూమి? 1865 జనవరిలో సేనాని షెర్మన్ తీరప్రాంతపు భూములను కుటుంబానికి 40 ఎకరాలకు మించకుండా పంచమని ఉత్తరువిచ్చాడు. ఆ ఏడాదే అధ్యక్షుడు జాన్సన్ వాటిని తిరిగి పాత యజమానుల పరం చెయ్యసాగాడు.

ఈ లోపం 1876లో బయటపడింది. కొంబాహీ నదీతీరాన వరిపొలాల కూలీలు సమ్మె కట్టారు. కూలికి డబ్బు కాక, యజమాని కొట్లో మాత్రమే చెల్లే చీటీలు ఇస్తున్నారని వారి ఫిర్యాదు. జూలైలో హాంబర్గ్ అనే ఊళ్లో తెల్ల సాయుధులు ఆరుగురు నల్లవారిని చంపారు. ఎర్రచొక్కాల గుర్రపు దళాలు ఊరూరా తిరిగాయి. ఆ ఎరుపు మన ఎరుపు కాదు, భూస్వాముల ఎరుపు. రహస్య బాలెట్ లేదు. పార్టీలు అచ్చువేసిన చీటీని నలుగురి ఎదుటా పెట్టెలో వెయ్యాలి. ఎడ్జ్‌ఫీల్డ్ కౌంటీలో ఓటర్లకన్న పోలైన ఓట్లే ఎక్కువ!

ఇంత జరిగినా హేస్ అక్కడ వెయ్యి లోపు ఆధిక్యంతో నెగ్గాడు. ప్రాణాలకు తెగించి కూలీలు వేసిన ఓట్లవి. వివాదం తీర్చటానికి వేసిన కమిషన్ 8–7 తేడాతో వాటిని ఆయనకే ఖాయం చేసింది. 1877 మార్చిలో గద్దె నెక్కిన హేస్, ఏప్రిల్ 10న కొలంబియాలోని శాసనసభా భవనం నుంచి కేంద్రసైన్యాన్ని తప్పించాడు. తోటల యజమాని వేడ్ హాంప్టన్ గవర్నరయ్యాడు. మూడు నెలలకే, జూలైలో, సమ్మె చేసిన రైల్వే కార్మికుల మీదికి హేస్ సైన్యాన్ని నడిపించాడు. సైన్యం ఎవరికోసమో ఆ వేసవి తేల్చిచెప్పింది.

1895 నాటి రాష్ట్ర రాజ్యాంగం నల్లవారి ఓటుహక్కును దాదాపు తుడిచిపెట్టింది. ఇదంతా ఒక్క హేస్ చేసిన ద్రోహమంటే సరిపోదు. కూలివాని కూడు యజమాని చేతిలో ఉన్నంతకాలం అతని ఓటుకు కాపలా లేదు. అలాగని ఓటు వ్యర్థమనీ నేననను. వ్యర్థమే అయితే, దాన్ని లాక్కోవటానికి అన్ని తుపాకులెందుకు?