ఎదుటివారి వంటింట్లో మన పెద్దలు: గోదావరి పట్టణాల్లో పేరు చెక్కించే ఆచారం

మరణించినవారి స్మరణ గురించి తెలుగులో జరిగిన పరిశోధనకు రెండు బాటలు బాగా నలిగాయి. ఒకటి వీరగల్లుతో మొదలై కారంపూడి వీరుల గుడి దగ్గర ఆగుతుంది. రెండోది అపరకర్మల గ్రంథాలతో మొదలై తద్దినపు పిండం దగ్గర ఆగుతుంది. మొదటి బాట పట్టినవారికి కత్తి పట్టి నేలకొరిగినవాడు కావాలి, రెండో బాటవారికి మంత్రం కావాలి. పాలకొల్లులోనో సామర్లకోటలోనో నలభై ఏళ్ళు కొట్టు నడిపి, ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఆసుపత్రి మంచం మీద పోయిన మనిషిని ఆ ఊరు ఎలా గుర్తుంచుకుంటుందని అడిగితే రెండు బాటల్లోనూ జవాబు దొరకదు. అది ఆ ఇంటివాళ్ళ సొంత సంగతి, శాస్త్రానికి పనికొచ్చే సరుకు కాదు అన్నట్టు మన పండితులు ఆ గుమ్మం దాటనే లేదు. దాటిన కొద్దిమందీ తిన్నగా గోడ మీద దండ వేసిన ఫోటో దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. వెతకవలసిన చోటు అది కాదని నా వాదన. చిన్న పట్టణంలో చనిపోయినవాళ్ళ జ్ఞాపకం వాళ్ళ ఇంట్లో కన్నా ఎదుటివాళ్ళ ఇంట్లో ఎక్కువ బతుకుతుంది. అలా బతకాలనే దాన్ని అక్కడికి పంపిస్తారు.

ముందు తద్దినాన్నే చూద్దాం. సపిండీకరణం అయ్యాక పోయినవాడు ప్రేత కాడు, పితరుడవుతాడు. తండ్రి వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. కొత్తగా ఒకరు వచ్చి చేరితే పై ముత్తాత తండ్రి పేరు సంకల్పంలోంచి జారిపోతుంది. మనిషి గురించి ఈ తంతు అడిగేవి పేరు, గోత్రం, తిథి. కోపిష్టివాడా, పేకాట పిచ్చివాడా, అప్పులిచ్చి వసూలు చేసుకోలేని మెతకవాడా అన్నది ఎవరికీ అక్కర్లేదు. పేరు మరిచిపోయినా ఇబ్బంది లేదు, పురోహితుడి చీటీలో ఉంటుంది. అయితే ఈ తంతులోనే మన పండితులు పట్టించుకోని ముక్క ఒకటుంది, అది భోక్త. పితరులకు పెట్టే అన్నం కొడుకు తింటే చేరదు, ఇంటిపేరూ గోత్రమూ వేరైన ఒక పరాయి మనిషి విస్తరి ముందు కూర్చుని తింటేనే చేరుతుంది. తెలంగాణలో పెత్రమాసనాడు పెద్దల పేరు మీద బియ్యం, కూరగాయలు ఇచ్చేదీ బయటివారికే. కోస్తాలో పెళ్ళికి ముందు పేరంటాళ్ళకు పెట్టుకునేటప్పుడు, పసుపు బొట్లు పెట్టిన గోడ దగ్గర ఉంచిన చీరను చివరికి బతికున్న ఒక ఆడమనిషి కట్టుకోవాలి. ముత్తైదువగా పోయిన ఆవిడ ఆ పూటకు ఆమె ఒంటి మీద ఉంటుంది. సంక్రాంతికి పెద్దల ముందు పెట్టిన చుట్టా, కల్లూ, మాంసం కూరా ఇంటివాళ్ళకే మిగులుతాయన్నది నిజమే కానీ, అక్కడ కూడా పెట్టిన బట్టల్ని మడతపెట్టి దాచరు, ఎవరో ఒకరు కట్టుకుంటారు.

ఇక్కడ స్మృతి సిద్ధాంతం రాసిన ఈజిప్టు చరిత్ర పండితుడు యాన్ అస్మన్‌తో తగువు తప్పదు. 1992లో జర్మన్ భాషలో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పుడు మన విశ్వవిద్యాలయాల్లో స్మృతి మీద రాసే ప్రతివారికీ గణపతి పూజ లాంటిదైపోయింది. ఆయన స్మృతిని రెండు గదులుగా చీల్చాడు. మాటల్లో, రోజువారీ కలయికల్లో నడిచేది ఒకటి, దాని ఆయుష్షు ఎనభై నుంచి నూరేళ్ళు, అంటే మూడు నాలుగు తరాలు. రాతలో, తంతులో, పండుగలో, దానికంటూ ఉన్న నిపుణుల చేతుల్లో నిలిచేది రెండోది, అది సాంస్కృతికం. మన తద్దినపు మూడు తరాలు చూసి ఈ లెక్క అచ్చంగా సరిపోయిందని మురిసినవాళ్ళున్నారు. సరిపోలేదు. ఆ మూడు తరాల్ని మోసేది ఇంటివాళ్ళ కబుర్లు కాదు, పురోహితుడూ మంత్రమూ. ఆయన లెక్క ప్రకారం అవి రెండో గదికి చెందాలి. చనిపోయినవారి స్మరణ రెండు గదుల గుమ్మంలో నిలబడుతుందని ఆయనే ఒకచోట ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా గోడ తీయలేదు. ఈజిప్టు సమాధుల మధ్య బతికిన పండితుడికి చెక్కిన అక్షరం అంటే రాజుదీ, పూజారిదీ. చెక్కిన అక్షరం రోజూ పప్పు ఉడికే చోట, బూడిదతోనో సబ్బుతోనో తోమించుకుంటూ ఉండగలదన్న ఊహ ఆ పుస్తకంలో లేదు.

నేను చెప్పేది గిన్నె మీది పేరు గురించి. కోస్తా ఊళ్ళలో పెద్దకర్మకు, అది కులాన్ని బట్టి పదకొండో పన్నెండో పదమూడో రోజు, భోజనానికి వచ్చినవారికి స్టీలు గిన్నెనో డబ్బానో పళ్ళాన్నో పంచడం చాలా కుటుంబాల్లో ఉంది. కొందరు సంవత్సరీకానికి పంచుతారు. దాని మీద 'కీ.శే.' అని మొదలుపెట్టి ఇంటిపేరు, పేరు, 'జ్ఞాపకార్థం' అన్న మాట, పోయిన తేదీ ఉంటాయి. ఆ తేదీ ఇంగ్లీషు తేదీ. తిథి ఇంట్లో ఉండిపోతుంది, తేదీ ఊళ్ళోకి వెళుతుంది. ఒకే చావుకు ఇలా రెండు క్యాలెండర్లు ఉండడమే చాలు, ఇక్కడ స్మరణ రెండు దిక్కులకు నడుస్తోందని చెప్పడానికి. పంచినవాళ్ళ ఇంట్లో ఆ గిన్నెలు మిగిలేది ఒకటో రెండో. మిగతావన్నీ వియ్యాలవారి ఇంట్లో, వీధిలోవారి ఇంట్లో, కొట్లో గుమాస్తాగా చేసినవాడి ఇంట్లో ఉంటాయి. ఇచ్చిన కొడుకులు పదేళ్ళకు హైదరాబాదుకో అమెరికాకో పోతారు, ఇల్లు అమ్ముడవుతుంది, గోడ మీది ఫోటో అపార్ట్‌మెంటులో బీరువా మీదికి చేరుతుంది. గిన్నె మాత్రం ఆ ఊళ్ళోనే, ఏ చుట్టరికమూ లేని వంటింట్లో, చారు పోసుకోవడానికి వాడుకలో ఉంటుంది. తీసుకున్నవాళ్ళు దాన్ని పూజ గదిలో పెట్టరు, పెట్టకపోవడమే దాని బలం. పూజకు పెట్టినదాన్ని ఏడాదికోసారి చూస్తాం, చారు గిన్నెను రోజుకు రెండుసార్లు కడుగుతాం. కడిగే చేతికి అక్షరాలు తగులుతూనే ఉంటాయి.

దీనికి ముందుతరం రూపం ఇత్తడి. పెళ్ళిలో సారెగా వచ్చిన బిందెలు, గంగాళం, గుండిగలు, మరచెంబు – వీటి మీద ఉలితో చుక్కలు చుక్కలుగా పొడిచిన పేర్లుంటాయి. తణుకు దగ్గరి అజ్జరం ఇత్తడి సామానుకు పేరుపడిన ఊరు, ఆ చుట్టుపక్కల పాత ఇళ్ళ అటకల మీద ఇలాంటివి దొరకని ఇల్లు తక్కువ. ఇందులో పరిశోధకుడి కన్ను పడవలసిన సంగతి ఆడవాళ్ళ పేర్లది. పెళ్ళయ్యాక ఆడమనిషి గోత్రం మారుతుంది, తద్దినంలో ఆమె భర్త గోత్రంతోనే తల్లిగా, నాయనమ్మగా పిలిపించుకుంటుంది, పుట్టింటివారి జాడ ఉండదు. రేషను కార్డులోనూ అంతే, సమాధి ఉన్న కులాల్లో సమాధి రాయి మీదా అంతే. సారె బిందె మీద మాత్రం చాలాచోట్ల పుట్టింటివారి ఇంటిపేరు, ఒక్కోసారి పుట్టిన ఊరి పేరు కూడా ఉంటుంది. పుట్టింటివారు చేయించారు కాబట్టి వాళ్ళ లెక్కలోనే రాయించారు. అంటే మంత్రం చెరిపేసిన సగం మనిషిని ఇత్తడి దాచింది. కోడలు అత్తవారింట దిగినప్పుడు తన పేరున్న వస్తువులతో దిగింది. ఆమె పోయాక ఆ బిందె కూతుళ్ళ మధ్య పంపకంలో మళ్ళీ ఇంకో ఇంటిపేరున్న ఇంటికి వెళ్ళింది. మగవాళ్ళ వరస నిటారుగా కిందికి దిగుతుంటే ఆడవాళ్ళ పేర్లు ఊళ్ళ మీదుగా అడ్డంగా ప్రయాణం చేస్తాయి. మన వంశవృక్షాలు గీసేవాళ్ళు ఈ అడ్డగీతను ఎన్నడూ గీయలేదు. పిచ్చుకుంట్లవారు పాడిన గోత్రాల పట్టీని రికార్డు చేయడానికి ఎంత శ్రమ పడ్డారో, అందులో పదో వంతు అటకల మీద పెట్టి ఉంటే తెలుగు ఆడవాళ్ళ చరిత్ర ఈపాటికి ఇంకోలా ఉండేది.

జ్ఞాపకాన్ని ఇలా పరాయి చేతికి అప్పగించడం స్టీలుతో వచ్చిన కొత్త పోకడ అంటారు. కాదు. పంచారామాల్లోనే తలెత్తి చూడండి. ద్రాక్షారామ భీమేశ్వరాలయపు శాసనాల్ని దక్షిణ భారత శాసన సంపుటాల్లో నాలుగో దానిలో అచ్చు వేశారు. ఆ గుడిలో, ఆ కాలపు ఇతర ఆంధ్ర ఆలయాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించే దానం అఖండ దీపం. తల్లికో తండ్రికో పుణ్యం కలగాలని దాత కొన్ని గొర్రెల్నో ఆవుల్నో ఇస్తాడు. ఆ మందను గుడి దగ్గర ఉంచరు. బోయ అన్న మాటతో పేరు ముగిసే ఒక పశువుల కాపరికి అప్పగిస్తారు. అతను, అతని తర్వాత అతని పిల్లలు, సూర్యచంద్రులున్నంత కాలం రోజూ కొలత ప్రకారం నెయ్యి తెచ్చి దీపంలో పోయాలి. చరిత్రకారులు దీన్ని గుడి ఆర్థిక వ్యవస్థగా చదివారు, తప్పు లేదు. స్మృతి వ్యవస్థగా ఎవరూ చదవలేదు. దాత తండ్రి ఎవరో ఆ కాపరికి అక్కర్లేదు. కానీ ఆ తండ్రి పేరుతో ముడిపడ్డ పని అతని రోజులో భాగమైపోయింది. ఆ జ్ఞాపకాన్ని కొడుకు గుండె మీద వదిలేయలేదు, పరాయివాడి చేతిపని మీద పెట్టారు. అప్పటి మందకూ ఇప్పటి గిన్నెకూ మధ్య ఉన్న తేడా పరిమాణంలోదే. ఇంకా వెనక్కి వెళితే నాగార్జునకొండ ఉంది. అక్కడి ఛాయాస్తంభాల్లో, అంటే పోయినవారి స్మారక స్తంభాల్లో, ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడి స్తంభాన్ని, కొడుకు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలన సంవత్సరంలో, ఆయన ఇంటి ఆడవాళ్ళు నిలబెట్టారు. ఆ రాజు తన పేరు ముందు పెట్టుకున్నది తల్లి గోత్రం. పుట్టింటి పేరు బిందె మీద పొడిపించుకున్న గోదావరి ఇల్లాలు ఈ వరసలోదే అనడానికి నేను జంకను.

ఇక ఆక్షేపణలు. వస్తువు మీద పేరు వేసేది పోకుండా చూసుకోవడానికి, జ్ఞాపకానికి కాదని మొదటిది. సప్లై కంపెనీలు రాకముందు పెళ్ళివారికి వీధిలో పదిళ్ళ గంగాళాలు తెచ్చుకునేవారు, ఎవరిది ఎవరికి తిరిగి ఇవ్వాలో తెలియడానికే పేరు. నిజమే, ఇది నా వాదనకే పనికొస్తుంది. పేరు వేయించుకున్నావిడ బతికున్నంత కాలం ఆ రాత ఆస్తి గుర్తు. ఆవిడ పోయిన మర్నాటి నుంచి, ఒక్క అక్షరం మారకుండానే, అది స్మారకం. రాసేనాడు లేని అర్థం తర్వాత వచ్చి కూర్చుంది. ప్రత్యేకంగా జ్ఞాపకార్థమని చెక్కించడం ఆ తర్వాత నేర్చుకున్నది, ముందు వస్తువే ఆ దారి చూపించింది. పైగా పేరున్న వస్తువు ఊళ్ళో తిరగడానికే పుట్టింది. ఎక్కడికీ వెళ్ళని గిన్నెకు పేరుతో పనేముంది?

రెండో ఆక్షేపణ గట్టిది. పేరూ తేదీ మిగిలితే మనిషి జీవితం మిగిలినట్టా? తద్దినానికి పెట్టిన వంకే గిన్నెకూ తగలదా? తగలదు. సంకల్పంలో పేరు వచ్చినప్పుడు ఎవరూ ప్రశ్న అడగరు, జవాబు ముందే అక్కడ ఉంటుంది. పరాయి ఇంట్లో పరాయి పేరు ఉన్నప్పుడు మాత్రం, కొత్తగా వచ్చిన కోడలో అంట్లు తోమే మనిషో ఎప్పుడో ఒకరోజు 'ఇదెవరిదండీ' అని అడిగి తీరుతుంది. 'ఆయనా, రథం వీధిలో ఉండేవాడు, మనకి స్థలం ఇప్పించింది ఆయనే' అనో, 'మహా పిసినారి, పోయాక కొడుకులు గిన్నెలు పంచారు' అనో జవాబు వస్తుంది. కొడుకు చెప్పే కథలో తండ్రి దేవుడు, ఎదుటింటివాళ్ళు చెప్పే కథలో ఆయన మనిషి. జీవితాన్ని యథాతథంగా దాచే పని రక్తసంబంధానికి చేతకాదు, అందుకే చిన్న పట్టణం దాన్ని ఇరుగుపొరుగుకు అప్పగించింది. గిన్నె లేకుండానూ ఈ పని జరుగుతుంది: క్రైస్తవ కుటుంబాల జ్ఞాపకార్థ కూడికలో ఆ జీవితాన్ని నలుగురి ముందూ సాక్ష్యంగా చెప్పుకుంటారు. గిన్నె పద్ధతికి హద్దులూ ఉన్నాయి: దాన్ని పంచే తాహతు లేని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. పాత ఇత్తడి వేసి కొత్త స్టీలు కొనుక్కునే బేరంలో ఎన్నో పేర్లు కరిగిపోయాయి కూడా.

పేరును బయటికి పంపే ఈ అలవాటు వంటింటి దగ్గర ఆగలేదు. గుడి మండపంలో ఫ్యాను రెక్కల మీద, బడి గదికి బిగించిన పాలరాతి పలక మీద, బస్టాండులో సిమెంటు బల్ల వీపు మీద, వైకుంఠధామంలో నీళ్ళ తొట్టి మీద అదే 'కీ.శే.', అదే 'జ్ఞాపకార్థం'. ఫ్యాను మీది పేరు కరెంటు పోతే తప్ప చదవలేం, అది తిరుగుతున్నంతసేపూ కింద కూర్చున్నవాళ్ళకు గాలి మాత్రం వస్తుంది. నాలుగు రోడ్ల కూడలిలో పెద్దకర్మ ఫ్లెక్సీనీ, దినపత్రికల జిల్లా పేజీల్లోని శ్రద్ధాంజలి ప్రకటననూ ఈ జాబితాలో కలపను. అవి చూడడానికి పెట్టినవి, వాడడానికి ఇచ్చినవి కావు, వారం తిరక్కుండా పోతాయి. వాడకానికి ఇచ్చినదే నిలుస్తుందన్న తేడాను అస్మన్ రెండు గదుల లెక్క పట్టుకోలేదు. అందువల్లే మన శాసన పరిశోధకుడు స్తంభం మీద నకలు తీసుకుని, తల పైకెత్తకుండా ఆ ఫ్యాను కిందనుంచే బయటికి వస్తాడు.

ఈ రాతల్ని ఎవరైనా సేకరించే పని పెట్టుకుంటే, శాసన సంపుటాల పద్ధతి ఒకటి అరువు తెచ్చుకోవాలి. ఆ సంపాదకులు ప్రతి శాసనానికీ అది ఏ గుడిలో, ఏ మండపంలో, ఏ స్తంభానికి ఏ వైపు ఉందో ముందు రాసి, ఆ తర్వాతే పాఠం ఇచ్చారు. గిన్నెకు కూడా మొదటి గడిలో నింపవలసింది దాని మీది పేరు కాదు. అది ఇప్పుడు ఎవరి వంటింట్లో ఉంది, వాళ్ళు అందులో ఏం వండుకుంటున్నారు, ఆ పేరు ఎవరిదని అడిగితే ఏం చెప్పారు – ఈ మూడూ అయ్యాకే పేరు.