ఆరు లీటర్ల కథ

2002లో, అమెరికాలో మేము అద్దెకున్న ఇంటి మరుగుదొడ్డి ఒక పట్టాన లొంగేది కాదు. మీట నొక్కితే నీళ్ళు గిర్రున తిరిగి, కాస్త పైకి లేచి, ఏమీ ఎరగనట్టు నెమ్మదిగా దిగిపోయేవి. రెండుసార్లు, మూడుసార్లు నొక్కవలసిందే. చూడవచ్చిన నాన్నగారు రెండు రోజులు ఓర్చుకుని, మూడో నాడు స్నానాల బక్కెట్టు నిండా నీళ్ళు పట్టి ఒక్క ఊపున కుమ్మరించారు. అంతా పోయింది. "గొట్టం బాగానే ఉందిరా. నీళ్ళే తీరుగా రావటం లేదు" అన్నారు. ఆ మాటకు నాలుగు శతాబ్దాల చరిత్ర ఉందని తరువాత చదివి తెలుసుకున్నాను.

ఇంగ్లండులో సర్ జాన్ హారింగ్టన్ నీటితో కడిగే మరుగుదొడ్డిని 1596లోనే వర్ణించాడు. 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాల నిపుణుడు ఎస్ ఆకారపు వంపుగొట్టం గల మరుగుదొడ్డికి పేటెంటు పొందాడు. ఆ వంపులో ఎల్లప్పుడూ నిలిచివుండే నీరే మురుగువాసనకు అడ్డుగోడ. చిక్కేమంటే, వాసనను ఆపే ఆ వంపును మలినం కూడా దాటాలి. అమెరికా కమోడ్లలో ఆ పని సైఫన్‌ది. తొట్టి నీరు ఒక్కసారిగా దిగి వంపును నిండుగా నింపితే, గిన్నెలో ఉన్నదంతా లాగేసుకుంటుంది. మెల్లగా దిగితే నీరు వంపు మీదుగా పొర్లిపోతుందే తప్ప లాగదు.

అంతకుముందు అక్కడ ఒక్కో ఫ్లష్‌కు సుమారు 13 లీటర్లు, ఇంకా పాతవాటిలో 19 లీటర్లు కూడా ఖర్చయ్యేవి. 1992లో చేసిన ఇంధన విధాన చట్టం, 1994 నుండి ఇళ్ళకోసం తయారయ్యే కొత్త కమోడ్లకు 1.6 గ్యాలన్లు, అంటే ఆరు లీటర్లు, మించరాదని శాసించింది. ఉద్దేశం మంచిదే. కానీ చాలామంది తయారీదారులు నీటిని తగ్గించారే గాని గిన్నె రూపాన్ని తగినట్టు మార్చలేదు. జనం రెండేసిసార్లు నొక్కి, ఆదా చేయవలసిన నీటిని మళ్ళీ పారబోశారు. ఆ నిబంధనను రద్దు చేయాలని 1999లో మిచిగాన్ ప్రతినిధి జో నోలెన్‌బర్గ్ బిల్లు పెట్టాడు, అది నెగ్గలేదు.

పరిష్కారం ప్రయోగశాలలో దొరికింది. 2003లో కెనడా, అమెరికాల నీటి పొదుపు నిపుణులు 'మ్యాప్' అనే పరీక్ష మొదలుపెట్టారు. సోయా ముద్దను తూచి వేసి, ఒక్క ఫ్లష్‌తో ఎన్ని గ్రాములు పోతుందో కొలవడమే ఆ పరీక్ష. నవ్వు తెప్పించినా, మంచి కమోడ్ ఏదో కొనేవాడికి తెలిసింది. తయారీదారులు తొట్టి అడుగు రంధ్రాన్ని వెడల్పు చేశారు, వంపుగొట్టాన్ని నునుపు చేశారు. 2007లో అమెరికా పర్యావరణ సంస్థ 4.8 లీటర్లతోనే 350 గ్రాములు పంపగలవాటికి 'వాటర్‌సెన్స్' ముద్ర నిర్ణయించింది.

మా ఇంటి సంగతికి వస్తే, బక్కెట్టు నీళ్ళకు పోయింది కనుక గొట్టంలో అడ్డు లేదు. ఇక చూడవలసినవి మూడు: తొట్టిలో నీరు గీత దాకా ఉందా, గొలుసు వదులై రబ్బరు మూత ముందే మూసుకుంటోందా, గిన్నె అంచు కింది రంధ్రాలు తెరిచివున్నాయా. మాకు మూడోది తగిలింది. ఉప్పునీటి పొలుసు పేరుకుని రంధ్రాలు సగం పూడిపోయాయి. నాన్నగారు వెనిగర్ పోసి నానబెట్టి, తీగతో ఒక్కొక్కటీ పొడిచారు.

ఆ సాయంత్రం నుండి ఒక్కసారి నొక్కితే చాలింది. నీళ్ళు అవే ఆరు లీటర్లు.