స్ప్రింక్లర్ డ్రాయింగు ఫిట్టరు చేతికి వచ్చేదాకా

పాశమైలారం పారిశ్రామికవాడలో గోదాముకు స్ప్రింక్లర్ పైపులు బిగించేవాళ్లలో పటాన్‌చెరు కుర్రాళ్లుంటారు, బీహారు, ఒడిశాల నుంచి వచ్చిన ఫిట్టర్లుంటారు. అందరూ చదవగలిగేది డ్రాయింగులోని గీతలూ అంకెలే. అందుకే ఆ షీటు ఎలా పుట్టిందో చెప్పుకోవాలి.

1874లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో హెన్రీ పార్మెలీ తన పియానో ఫ్యాక్టరీని మంటల నుంచి కాపాడుకోవడానికి ఆటోమేటిక్ స్ప్రింక్లరు తయారుచేశాడు. 1881లో ఫ్రెడరిక్ గ్రిన్నెల్ దాన్ని బాగా మెరుగుపరిచాడు. మిల్లులు వరసగా పెట్టించుకున్నాయి కానీ ఎవరి లెక్క వాళ్లదే. 1895 నాటికి బోస్టన్ చుట్టూ 100 మైళ్లలోపే పైపు సైజులకూ నీరు చిమ్మే స్ప్రింక్లర్ హెడ్ల మధ్య దూరాలకూ 9 రకాల పద్ధతులు నడిచేవి. పని చేసేవాళ్లకు అదెంత నరకమో ఊహించుకోవచ్చు. ఆ చిక్కు తీర్చడానికే 1896లో ఉమ్మడి నియమాలు వచ్చాయి, నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ పుట్టింది. ఆ నియమాలే ఈనాటి ఎన్ఎఫ్‌పీఏ 13 ప్రమాణానికి మూలం.

చాలాకాలం పైపు సైజులు పట్టిక ప్రకారమే ఉండేవి. మామూలు ప్రమాద స్థాయి ఉన్నచోట 1 అంగుళం పైపుపై 2 హెడ్లు, 1¼పై 3, 1½పై 5, 2 అంగుళాలపై 10. డ్రాయింగు అంతంతమాత్రంగా ఉన్నా, అనుభవమున్న ఫిట్టరు హెడ్లు లెక్కపెట్టుకుని సరైన పైపు వేయగలిగేవాడు. కంప్యూటర్లు వచ్చాక హేజెన్–విలియమ్స్ సూత్రంతో ప్రతి పైపులో ఒత్తిడి ఎంత తగ్గుతుందో లెక్కగట్టడం మామూలైంది. దాంతో పైపు ఖర్చు తగ్గింది, ఫిట్టరుకున్న వెసులుబాటూ పోయింది. దారిలో డక్టు అడ్డొచ్చి నాలుగు ఎల్బోలు ఎక్కువ వేస్తే చివరి హెడ్డుకు నీటి ఒత్తిడి చాలకపోవచ్చు. అది పైకి చూస్తే తెలియదు.

మన దగ్గర బీమా రంగానికి చెందిన టారిఫ్ అడ్వైజరీ కమిటీ నియమాలు, తర్వాత 2002లో భారతీయ ప్రమాణం ఐఎస్ 15105 ఈ పనికి దారి చూపాయి. కానీ చాలా డ్రాయింగులు ఇప్పటికీ అనుమతిచ్చే అధికారి కోసమే గీసినట్టుంటాయి. హెడ్లన్నీ చుక్కల్లా కనిపిస్తాయి, ఏ పైపు ఏ ఎత్తులో పోవాలో ఉండదు. నా దృష్టిలో అది సగం పనే.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు 40 మందికి పైగా కార్మికుల ప్రాణాలు తీసింది. అంతటి పేలుడును స్ప్రింక్లర్లు ఆపలేవు, వాటి పని రాజుకుంటున్న మంటను అక్కడే అణచడం. ఆ పనైనా అవి తప్పకుండా చేయాలంటే ఫిట్టరుకు కావలసినవన్నీ షీటు మీద ఉండాలి: ఫ్లోరు నుంచి పైపు సెంటరు ఎత్తు, కాలమ్ గ్రిడ్ నుంచి దూరం, సపోర్టుల స్థానాలు, కేబుల్ ట్రే దాటేచోట సెక్షను. ఏటవాలు రేకుల షెడ్డులో పర్లిన్లు చూపకపోతే కప్పుకూ హెడ్డు డిఫ్లెక్టరుకూ మధ్య దూరం తప్పుతుంది. మామూలుచోట 68 డిగ్రీలకు పగిలే ఎర్ర గాజు బల్బు, బాయిలరు దగ్గర 93 డిగ్రీల ఆకుపచ్చ బల్బు అని ఏ హెడ్డుకా హెడ్డు రాయాలి.

ఒక్క బే (రెండు కాలమ్ వరసల మధ్య భాగం) బిగించగానే డిజైనరు సైటుకు రావాలి. ఫిట్టరు ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టిన మార్పులతో ఒత్తిడి లెక్క మళ్లీ వేసి, కొత్త రివిజన్ నంబరుతో షీటు ఇచ్చాకే రెండో బేలో పైపు కోయాలి.