కవిటి నుంచి విశాఖకు: దూరం, ప్రయాణ కాలం

శ్రీకాకుళం జిల్లా ఉత్తర కొసన, కొబ్బరి, జీడి, పనస తోటల నడుమ ఉన్న కవిటి నుంచి విశాఖపట్నానికి రోడ్డు మీద సుమారు 240 కిలోమీటర్లు. ఆకాశమార్గాన కొలిస్తే 210 ఉంటుంది. అటు భువనేశ్వర్ కూడా ఇంచుమించు అంతే దూరం.

పూర్వం కవిటి వాళ్లకు పట్నమంటే విశాఖ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. కచేరీ పనికి ఛత్రపురం, బేరసారాలకు బరంపురం. బరంపురం యాభై కిలోమీటర్ల లోపే అయినా, ఎడ్లబండి రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లకు మించి నడవదు గనుక, రైలు రాకముందు రెండు రోజులు పట్టేది. విశాఖకైతే వారం పైమాటే. ఒడిశా విడిపోయాక ఈ ఊళ్లు విశాఖపట్నం జిల్లాలో చేరి, జిల్లా కేంద్రం మూడింతలకు పైగా దూరమైంది. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక ఆ దూరం 130 కిలోమీటర్లకు తగ్గింది.

జిల్లాలు మారకముందే, 1890లలో ఈస్ట్ కోస్ట్ రైల్వే రావడంతో వారం ప్రయాణం ఒక్క రోజులోకి వచ్చింది. 1902లో ఈ మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. కవిటికి రైలు లేదు. కంచిలిలో ఉన్న సోంపేట స్టేషనుకో, ఇచ్ఛాపురానికో వెళ్లి ఎక్కాలి. 2024 మార్చిలో మొదలైన విశాఖ–భువనేశ్వర్ వందేభారత్ పలాసలోనూ ఇచ్ఛాపురంలోనూ ఆగుతుంది.

జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యాక విశాఖ ప్రయాణం నాలుగైదు గంటలకు దిగింది. ఆ లెక్క వాతావరణం బాగున్నప్పటిదే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లు రోడ్లకు అడ్డంగా పడి, వాటిని కోసి తీసేదాకా ఉద్దానమని పిలిచే ఈ తోటల ప్రాంతపు ఊళ్లకు దారే లేకపోయింది.

విశాఖ దూరం అందరికంటే ఎక్కువగా బాధించింది ఉద్దానం కిడ్నీ రోగులను. డయాలసిస్ వారానికి రెండు మూడుసార్లు తప్పదు. ప్రతిసారీ నాలుగు గంటలు యంత్రం మీద ఉండాలి. విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి(కేజీహెచ్)కి రానూపోనూ ఎనిమిది తొమ్మిది గంటల దారి. అంటే రోగికి రోజంతా, తోడు వచ్చినవారికి ఆ రోజు కూలీ పోయేవి. ఇది ఎన్నో కుటుంబాలను అప్పుల్లోకి దించింది. తర్వాత సోంపేట, కవిటి, పలాసల్లో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. కవిటి నుంచి పలాసకు గంట ప్రయాణం. ఈ ప్రాంతపు ప్రయాణ చరిత్రలో ఇంత మేలు చేసిన మార్పు మరొకటి లేదు.

విమానం అవసరం వలస పోయినవారిది. ఒకప్పుడు గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగూన్ పోయేవారు. ఇప్పుడు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా హైదరాబాదుకూ గల్ఫ్‌కూ వెళుతున్నారు. విశాఖ నుంచి హైదరాబాదుకు విమానం గంటంబావులో చేరుస్తుంది. కవిటి నుంచి ఆ విమానం దాకా చేరడానికే అంతకు మూడు నాలుగు రెట్ల కాలం కావాలి. భోగాపురంలోని కొత్త విమానాశ్రయం విశాఖకు ఉత్తరాన, అదే జాతీయ రహదారి పక్కన ఉంది. అక్కడికి కవిటి నుంచి రెండు వందల కిలోమీటర్ల లోపే.